తొంభై ఆరింటికి నాలుగే

టేకుమట్ల,
6 జూలై 2025, ఆదివారం.

బంగారు బిడ్డ వర్షిణికి మీ అవ్వ లచ్చవ్వ దీవించి రాసేది.

నీ పానం ఎట్లున్నది? హాస్టలుకు పోయేటప్పుడు దగ్గు ఉండె, అది పోయిందా, లోపలికి దిగిందా? డోర్నకల్ల మీ బాపు దిలీప్ ఎట్లున్నడు, రైలు పట్టాల పనికి పోయేటప్పుడు నెత్తికి తువ్వాల కట్టుకుంటున్నడా? మీ అమ్మ విజయకు నడుము నొప్పి తగ్గిందా? మీ సైన్సు చెప్పే బలరాం సారు మంచిగున్నడా? హాస్టల్ల వంట చేసే ఆమెను సుత అడిగిన అని చెప్పు. ఆమెకు జ్వరమొస్తే మీకు అన్నం ఎవరు వండుతరు అని నాకు నిన్నటిసంది రంది, ఒకటే బెంగ.

ఇక్కడ మీ తాత కట్టయ్య మోకాళ్లు పట్టుకొని లేస్తున్నడు. లేస్తున్నడు, అది చాలు. బర్రె మంచిగున్నది. పక్కింటి సారక్క మంచిగున్నది, ఆమెకేం, ఆమెకు రంది అనేదే లేదు. నేను మంచిగున్న అని రాస్తే అబద్ధం, లేను అని రాస్తే నువ్వు భయపడ్తవు. నడిమిట్ల ఉన్న అనుకో.

ఫోన్ల చెప్పొద్దు, కాగితం మీద రాయి, నీ ఉత్తరాలకు జవాబు రాస్తే నా దస్తూరి మంచిగైతది అంటివి. నాది మూడో తరగతి చదువు. నా ఉత్తరం చదివితే నీ దస్తూరి ఎట్ల మంచిగైతదో నాకు సమజ్ కాలేదు, అయినా రాస్తున్న. ఈ వయసుల నీ రంది ఏందవ్వా అని అడిగినోళ్లు నువ్వొక్కదానివే. మీ తాతకు చెప్తే చెవుల వేలు పెట్టి తిప్పుకుంటడు.

నీ మంచం మీద ఫ్యాను ఉన్నదంటివి. దాని బోల్టు ఊసిపోతదేమో, మంచం జర పక్కకు జరుపుకో. జనగామ రోడ్డు మీద లారీలు చానా పోతయట, బడికి అవుతల పక్కసంది నడువు. అవుతల పక్క సుత లారీలు పోతయా? పత్తి గింజలు పెట్టినం, మొలుస్తయో లేదో. ఈ ఉత్తరం నీకు అందుతదో లేదో. అందకపోతే అందలేదని వెంటనే రాయి.

మీ అవ్వ.


జనగామ,
16 జూలై.

అవ్వకు వర్షిణి నమస్కారాలు.

ఉత్తరం అందింది. దగ్గు పోయింది, లోపలికి దిగలేదు. బాపు, అమ్మ మంచిగున్నరు. వంట చేసే ఆంటీకి నువ్వు అడిగినవని చెప్పిన. ఆమె సంబురపడి నాకు గుడ్డు ఒకటి ఎక్కువ వేసింది. ప్రతి ఉత్తరంల ఆమెను అడుగు.

అవ్వా, నీకు రెండు మాటలు చెప్పాలె. మొదటిది, మా తొమ్మిదో తరగతోళ్లకు కొత్తగా ఒక స్కాలర్‌షిప్ పెట్టిన్రు. యాభై మార్కులకు నవంబర్ల రాత పరీక్ష, ఇంకో యాభై మార్కులకు డిసెంబర్ల మహబూబాబాద్‌ల ప్రాజెక్టు. సొంతంగా ఒక ప్రశ్న తీసుకొని, వివరాలు జమచేసి, జవాబు మనమే కనుక్కోవాలె. వస్తే ఇంటర్ రెండేండ్లు ఫీజు, ఉండుడు, తినుడు వాళ్లే చూసుకుంటరు. రాకపోతే ఏమైతదో నీకు తెలుసు. పది అయినంక డోర్నకల్‌కు వచ్చి కుట్టుమిషన్ నేర్చుకో అని బాపు చెప్పిండు. నాకు కుట్టుమిషన్ మీద కోపం లేదు. కానీ నాకు సైన్సు చదవాలె.

నా ప్రాజెక్టు ఏందో ఇప్పుడు అడగకు.

రెండోది, నీ రందులకు ఒకటి, రెండు అని నంబర్లు వేసి రాయి. వారం అయినంక దాని పక్కన అయితే 'అయింది' అని, కాకపోతే 'కాలేదు' అని పెట్టు. చదువుకునేటందుకు సులువుగా ఉంటది, అంతే.

వర్షిణి.


టేకుమట్ల,
17 ఆగస్టు.

బిడ్డ వర్షిణికి అవ్వ దీవెనలు. వంట చేసే ఆమె ఎట్లున్నది?

నంబర్లు వేసుడు మంచిగున్నది. నంబరేస్తే రంది సుత జర మర్యాదగా నిలబడ్తది, ఒకదాని మీద ఒకటి ఎక్కదు. ఈ వారంవి రాస్తున్న.

ఒకటి. ఫ్యాను పడ్తదేమో. కాలేదు. నువ్వు చెప్పినవు గని నేను చూడలేదు కాబట్టి సగమే కాలేదు.

రెండు. తాత పరకాల అంగడికి పోయి తోవ తప్పుతడేమో. కాలేదు. నలభై ఏండ్లసంది పోతున్నడు, అయినా.

మూడు. చేన్ల నీళ్లు నిలుస్తయేమో. అయింది. చూసినవా. తాతకు చెప్తే, వానకాలం వాన పడుడు నీ గొప్పనా అన్నడు.

నాలుగు. సారక్క తీస్కపోయిన జల్లెడ మల్ల ఇయ్యదేమో. ఇచ్చింది, కానీ తుడువకుంట ఇచ్చింది. ఇది అయినట్టా కానట్టా నువ్వే చూడు.

ఐదు. పరీక్షకు నువ్వు పెన్ను మరిచిపోతవేమో. పరీక్ష ఇంకా రాలేదు గద. అట్లనే ఉంచు.

ఆరు. నువ్వు పెద్ద చదువు చదివి, నన్ను చూసి ఎవరీ ముసలామె అంటవేమో. దీనికి ఏండ్లు పడ్తది, అప్పటిదాక కాగితం దాచిపెట్టు.

మీ బాపుతోని ఫోన్ల మాట్లాడిన. పిల్ల చదువుత అంటున్నది గద, చదువనీరాదుర అన్న. స్కాలర్‌షిప్ వస్తే నేనే దగ్గరుండి చేర్పిస్త, రాకపోతే నా తోని కాదు అన్నడు. వాడు కోపంల అనలేదు బిడ్డా, అలిసిపోయి అన్నడు. ఇది ఏడోది. స్కాలర్‌షిప్ రాదేమో. దీని పక్కన ఏం రాయను?

మీ అవ్వ.


జనగామ,
14 సెప్టెంబర్.

అవ్వకు వర్షిణి నమస్కారాలు.

పోయిన నెల జల్లెడ సంగతి అడిగినవు గద. చానా ఆలోచించి 'కాలేదు'ల పెట్టిన.

వారం వారం నీ ఉత్తరాలు అందుతున్నయి గని, పోయిన వారం ఆరే రందులు పంపినవు. అంతకుముందు వారం పదకొండు ఉండె. పానం బాగలేదా? ఏమన్న దాచిపెడ్తున్నవా? చిన్నవైనా సరే పంపు అవ్వా, బర్రెవి, కోళ్లవి, సారక్కవి, ఏవైనా నడుస్తయి.

బతుకమ్మ సెలవులు ఇరవై ఒకటిసంది. బాపు నన్ను నీ దగ్గరనే దించుతడట. పరీక్షకు చదువుకునేటియి అన్నీ తెచ్చుకుంట. నా సంచి మాత్రం నువ్వు సర్దకు, నేనే సర్దుకుంట.

వర్షిణి.


టేకుమట్ల,
26 అక్టోబర్.

బిడ్డ వర్షిణికి అవ్వ దీవెనలు. అందరిని అడిగిన అని చెప్పు, ఇయ్యాల పేరుపేరున రాసే టైం లేదు. చానా అయినయి, అన్నీ రాయాలె.

ఒకటి. నీళ్ల కుండ పగుల్తదేమో. అయింది. తాత చూసి, కావాలనే ఇడిచినవు అన్నడు. ఆయన మాటలు రాసుకోకు.

రెండు. కోడిపుంజు తప్పిపోతదేమో. అయింది. రెండు దినాలు దొరకలేదు. మూడో నాడు సారక్క కొట్టంల గంప కింద దొరికింది. గంప మీద రాయి సుత ఉన్నదట. కోళ్లు ఈ నడుమ చానా తెలివి మీరినయి.

మూడు. పప్పు మాడుతదేమో. అయింది. నాలుగు దినాలు వరుసగ అయింది, నాలుగు వేసుకో. నాలుగో నాడు తాత సారక్క ఇంట్ల తిన్నడు.

నాలుగు. తాత చెప్పు కుక్క ఎత్కపోతదేమో. అయింది. మనకు కుక్క లేదు, అయినా అయింది.

ఐదు. ఆరేసిన బట్టలు తడుస్తయేమో. అయింది. ఆ దినం వాన రాలేదు గని బట్టలైతే తడిసినయి.

ఇట్ల మొత్తం పన్నెండు. పన్నెండింటికి పదకొండు అయినయి. కానిది ఒకటే, బర్రె తాడు తెంపుకుంటదేమో అన్నది. ఎంత చెప్పినా అది తెంపుకోలేదు.

పదకొండు అంటే మంచిగనే వచ్చినట్టు గద బిడ్డా? వచ్చే వారం ఇంకా మంచిగ తెస్త. నువ్వు పరేషాన్ గాకుంట పరీక్షకు చదువు.

మీ అవ్వ.


జనగామ,
16 నవంబర్.

అవ్వకు వర్షిణి నమస్కారాలు.

రాత పరీక్ష అయింది. యాభైకి నలభై మూడు వచ్చినయి. పెన్ను మరిచిపోలేదు, రెండు తీస్కపోయిన.

ఇగ అసలు సంగతి. బలరాం సారుకు నా ప్రాజెక్టు గ్రాఫు చూపిచ్చిన. దసరా దాక గీత నేలను పట్టుకొని పాకుతున్నది. దసరా తర్వాత లేచి నిలబడ్డది. సారు అద్దాలు తీసి తుడుచుకొని మల్ల చూసి, మీ టేకుమట్లల భూకంపం ఏమన్న వచ్చిందా అన్నడు. క్లాసంతా నవ్విన్రు. నేను నవ్వలేదు.

అవ్వా, నీ రందులే నా ప్రాజెక్టు. మనిషి పడే రందులల్ల నిజంగ అయ్యేటియి ఎన్ని, ఉత్తయే ఎన్ని అన్నది నా ప్రశ్న. ముందుగాలనే చెప్తే నువ్వు రంది పడే తీరు మారుతదని చెప్పలేదు. దస్తూరి అన్నది అబద్ధం.

ఇప్పుడు నువ్వు నిజం చెప్పు. సెలవులల్ల నా నోటుబుక్కు చూసినవా? తాత చెప్పు ఎక్కడున్నది? డిసెంబర్ పన్నెండున మహబూబాబాద్‌ల మేడమ్‌లు, సార్లు ఒక్కొక్క అంకె పట్టుకొని అడుగుతరు. వివరాలల్ల దొంగది ఒక్కటి దొరికినా పేరు కొట్టేస్తరు, నలభై మూడు సుత దానితోనే పోతయి.

కోపానికి రాకు. తొందరగా రాయి.

వర్షిణి.


టేకుమట్ల,
23 నవంబర్.

బిడ్డ వర్షిణికి.

చూసిన. సద్దుల బతుకమ్మ నాడు నువ్వు గునుగుపూలకు పోయినవు. సంచి సర్దకు అంటివి, సర్దకుంట ఎట్ల ఉంట, అండ్ల తడిబట్ట ఏమన్న ఉన్నదేమో అని తీసిన. నోటుబుక్కు మీద నా పేరు ఉన్నది. నా పేరు ఉన్న పుస్తకం ఈ భూమ్మీద ఇంకొకటి లేదు, విప్పకుంట ఎట్ల ఉంట?

అన్నీ గీతలు. జులైసంది నేను రాసినయన్నీ డబ్బాలల్ల ఉన్నయి. అడుగున ఎర్ర పెన్నుతోని, మొత్తం తొంభై ఆరు, అయినవి నాలుగు.

అవ్వ రంది ఏందని మనుమరాలు అడుగుతున్నది అని ఊరంతా చెప్పుకున్న. సారక్కకైతే రెండుసార్లు చెప్పిన. నువ్వేమో లెక్క పెడ్తున్నవు. ఆ దినం బతుకమ్మ ఆడిన గని చప్పట్లు ఎటు కొట్టిన్నో నాకే తెల్వది.

రాత్రి పండుకున్నంక ఇంకోటి తోచింది. తొంభై ఆరింటికి నాలుగు. మూడో తరగతిల నాకు లెక్కలల్ల యాభైకి పదకొండు వచ్చినయి. మా నాయిన ఆ కాగితం చూసి, ఇగ చాలు, మేకల కాడికి పో అన్నడు. పదకొండుకే నా చదువు పోయింది. ఇప్పుడు నా పేరు మీద నాలుగే వచ్చినయి. ఈ నాలుగు చూసి నీ చదువు సుత పోతదా, నా వల్లనే పోతదా అనుకున్న. అవి మార్కులు కావని నాకేం తెలుసు? ఎర్ర పెన్నుతోని రాస్తే మార్కులే గద.

అందుకని నేనే అయ్యేటట్టు చేసిన. కుండ ఇడిచిన. పుంజును గంప కింద పెట్టిన, రాయి సుత నేనే పెట్టిన. పప్పు కాడ కూసొని మాడేదాక చూసిన, అది చానా కష్టం, చెయ్యి ఊకె గంటె మీదికి పోతది. చెప్పు గడ్డివాము మీద ఉన్నది. బట్టల మీద చెంబెడు నీళ్లు పోసిన. అన్నీ దొంగయే. ఒక్కటే నిజంది. తాత కోపానికొస్తడేమో అన్నది. అది నేనేం చెయ్యకుంటనే అయింది.

ఇప్పుడు నలభై మూడు సుత పోతయి అని రాసినవు. నేను చేసిన దానికే పోతయి. అన్నం పోతలేదు బిడ్డా. ఈ ఉత్తరం మీ సారుకు చూపియ్యి. పిల్ల తప్పు లేదు, ముసల్దాని తప్పు అని చెప్పు. కావాలంటే నన్ను ఫెయిల్ చెయ్యమను.

అవ్వ.


డోర్నకల్,
14 డిసెంబర్.

అవ్వకు వర్షిణి నమస్కారాలు.

బాపు నన్ను మహబూబాబాద్‌సంది ఇక్కడికి తీసుకొచ్చిండు. ఇది ఇంట్ల కూసొని రాస్తున్న.

నీ ఉత్తరం సారుకు చూపిచ్చిన. దొంగయి తీసేద్దామా సార్ అంటే, తీసేస్తే నువ్వు సుత కుండ ఇడిచినట్టే అన్నడు. అందుకని ఏదీ తీయలేదు. దసరా ముందువి ఒక పట్టిక, దసరా తర్వాతవి ఇంకొక పట్టిక. రెండో దాని పైన, అవ్వ నోటుబుక్కు చూసింది, ఇవి అవ్వ చేసినవి అని రాసిన.

పెద్ద హాలు, అరవై మంది పిల్లలు. ఒకడు బయ్యారం మట్టిల ఇనుము ఎంతున్నదో అయస్కాంతం పెట్టి చూపిచ్చిండు. నా బల్ల మీద నీ ఉత్తరాలే ఉన్నయి. మార్కులు వేసే జానకి మేడమ్ అని ఒకామె వచ్చి కుండ కాడ మొదలు పెట్టి చెప్పు దాక చదివింది. మిగిలినోళ్లను సుత పిలిచింది. మనిషిని చూస్తున్నమని తెలిస్తే ఆ మనిషి మారుతదని పెద్ద పెద్ద చదువులల్ల చెప్తరట, నా దగ్గర అది సొంతంగ దొరికిందట. యాభైకి నలభై ఐదు వేసింది.

అక్కడిదాక మంచిగనే ఉండె. అప్పుడు ఆమె మొదటి పేజీ తిప్పింది.

మనుషుల మీద ప్రాజెక్టు చేస్తే ఆ మనిషి ఒప్పుకున్నట్టు సంతకం ఉండాలె. జులైలనే సారు కాగితం ఇచ్చిండు. నీకు పంపితే నీకు తెలిసిపోతది. నీ సంతకం నేనే చేసిన అవ్వా. నీది వంకరగ ఉంటదని నేను సుత వంకరగ చేసిన. సారుకు నువ్వే చేసినవని చెప్పిన.

మేడమ్ ఆ సంతకం చూసి, నీ ఉత్తరం చూసి, మల్ల నన్ను చూసింది. ఆమె అడగకముందే చెప్పేసిన. బాపు ఎనుకనే నిలబడి ఉన్నడు, మొత్తం విన్నడు. మేడమ్ కోపం చెయ్యలేదు.

"తొంభై ఆరు అడిగినవు. అడగాల్సింది ఒకటి అడగలేదు" అన్నది.

నా మార్కులు ఆపిన్రు. జనవరి 23, శుక్రవారం పదకొండు గంటలకు మేడమ్ జనగామకు మా బడికి వస్తది. నువ్వు వచ్చి, ఆమె ముందట, ప్రాజెక్టు అంతా చదివి, ఇష్టమైతే సంతకం చెయ్యాలె. చేస్తే స్కాలర్‌షిప్ నాదే. చెయ్యకపోతే నా తర్వాత ఉన్న పిల్లకు పోతది.

డోర్నకల్ల రైలు దిగినంక బాపు ఒకటే అన్నడు, మీ అవ్వను నేను అడగ, నువ్వే అడుగు అని.

నేను సుత రమ్మని అడుగుతలేను. జులైల అడగాల్సింది అడుగుతున్న. నీ రందులు రాసుకోవచ్చునా అవ్వా?

వర్షిణి.


టేకుమట్ల,
8 జనవరి 2026, గురువారం.

బిడ్డ వర్షిణికి అవ్వ దీవెనలు. నీ పానం, మీ బాపు పానం, మీ అమ్మ నడుము, బలరాం సారు, వంట చేసే ఆమె, అందరు మంచిగున్నరని అనుకుంటున్న.

నీ ఉత్తరం డిసెంబర్ పద్దెనిమిదినే అందింది. ఆ తర్వాత నువ్వు పంపిన రెండు సుత అందినయి. నాకు జ్వరం లేదు, చెయ్యి నొప్పి లేదు, కవర్లు అయిపోలేదు. కావాలనే రాయలేదు. మీ బాపు ఫోను చేసినప్పుడు సుత చేన్లకు పోయింది అని తాతతోని చెప్పిపిచ్చిన. తాత మొదలు ఒప్పుకోలేదు, పసిపిల్లను ఏడిపిస్తవా అని లొల్లి పెట్టుకున్నడు. కొత్త చెప్పులు కొనిస్త అంటే ఒప్పుకున్నడు.

మూడు వారాలు. అవ్వ కోపంల ఉన్నదేమో, అవ్వ రాదేమో, అవ్వకు ఏమన్న అయిందేమో, ఉత్తరం అందలేదేమో అని నువ్వు ఎన్ని రందులు పడ్డవో అన్నీ ఒక కాగితం మీద పెట్టు. నంబర్లు వెయ్యి. చిన్నవైనా సరే, ఏవీ ఇడిచిపెట్టకు. నేనొచ్చి ఎర్ర పెన్నుతోని పక్కన రాస్త. దానికి నువ్వు ఒప్పుకున్నట్టు కింద సంతకం చెయ్యాలె, నీ చేతితోని.

ఇగ నువ్వు అడిగిన దానికి జవాబు. రాసుకో బిడ్డా. నావి నువ్వు రాసుకోకపోతే ఇంకెవరు రాసుకుంటరు? తాత రాసుకుంటడా?

కానీ మేడమ్ నన్ను చూసి దవాత్ డబ్బా ముందట పెట్టి వేలిముద్ర అంటే నేను ఊకోను, ముందుగాలనే చెప్పి పెట్టు. పేరు రాస్త. వారం దినాలసంది పాత పేపర్ల మీద రాస్తున్న, సారక్క చూసి ఏం ఎన్నికలల్ల నిలబడ్తున్నవా అన్నది. ఇంకోటి, ఆ ప్రాజెక్టు నేను మొదటిసంది ఆఖరుదాక చదువుత. నేను చదువుడు మెల్లగ ఉంటది, మేడమ్‌ను తొందర పడొద్దనాలె. జల్లెడది 'అయింది'ల పెట్టాలె, అది మాట్లాడినంకనే సంతకం.

సమ్మక్క జాతరకు బస్సులన్నీ మేడారం దిక్కు మళ్లిస్తున్నరట. దొరకదేమో అని రంది ఉన్నది, దాచిపెట్టను. తాత పొద్దుగాల ఐదు గంటల బస్సు అన్నడు. పరకాల మీదికెళ్లి హన్మకొండకు, అక్కడిసంది జనగామకు. మీ బాపు డోర్నకల్ల రైలెక్కి వస్త అన్నడు. నిన్న నేనే ఫోను చేసిన, నేనే మాట్లాడిన.

సంతకం పదకొండింటికి. మేము తొమ్మిదింటికే మీ గేటు కాడ ఉంటం. జనవరి 23, శుక్రవారం.

మీ అవ్వ లచ్చవ్వ.